షామీర్‌పేట ఫామ్‌హౌస్‌లో విచ్చుకుపోయిన తూజాలు, తల పోయిన అరకేరియా: ఒక కేస్ స్టడీ

ఇరవై ఏళ్ల కింద హైదరాబాద్ శివార్లలో ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లు చాలామంది ఒకే డిజైన్ వేయించుకున్నారు. గేటుకి చెరోపక్క ఒక అరకేరియా, అంటే మనం క్రిస్మస్ ట్రీ అంటామే అది, గేటు నుంచి పోర్టికో దాకా దారి పొడుగునా గోల్డెన్ తూజా వరస, పక్కన లాన్. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు తూజా మోకాలెత్తే ఉంటుంది, ఎవరూ కత్తెర పెట్టకపోయినా గుండ్రంగా ముద్దుగా ఉంటుంది, అందుకని నాలుగు అడుగులకి ఒకటి చొప్పున పెట్టేస్తారు. అవే ఇప్పుడు పదిహేను పదహారు అడుగులకి వెళ్లి, మధ్యలో విచ్చుకుని, కింద ఎండిపోయి, దారి మీదకి వాలిపోయి ఉంటున్నాయి. ఈ కేసు షామీర్‌పేట వైపు ఒక ఫామ్‌హౌస్‌ది, ఓనర్లు రిటైరైన దంపతులు, వాళ్ల పర్మిషన్‌తోనే రాస్తున్నా, పేర్లు ఇవ్వట్లేదు. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే ఈ చెట్ల విషయంలో ఒక్క పూట చేసిన కటింగ్‌తో ఇరవై ఏళ్ల చెట్టు పూర్తిగా పోతుంది, మళ్లీ దాన్ని వెనక్కి తెచ్చే మార్గమే ఉండదు, అలా పోయిన వరసలు చూసి చూసి బాధేసి రాస్తున్నా.

అక్కడ ఉన్నవి ఇవీ. దారికి ఎడమ వైపు 14 గోల్డెన్ తూజాలు, గేటు దగ్గర రెండు అరకేరియాలు, పోర్టికో ముందు రెండు జునిపర్లు. తూజాల్లో సగం పైగా గొడుగు తిరగబడినట్టు విచ్చుకుని ఉన్నాయి, కారు వెళ్తుంటే రెమ్మలు అద్దాలకి రాసుకుంటున్నాయి. పెద్దాయన కోరిక చాలా సింపుల్, "అన్నిటినీ ఎనిమిది అడుగులకి లెవెల్‌గా కొట్టేయండి, మళ్లీ కింద నుంచి నీట్‌గా రానివ్వండి." వాళ్ల మాలి కూడా అదే మాట, "ఏమైతది సార్, గోరింట కొట్టలేదా, డ్యురాంటా కొట్టలేదా, నెల తిరిగేసరికి మల్లా చిగురేస్తది గదా." ఆయన అనుభవంలో అది నూటికి నూరుపాళ్లు నిజమే, ఆయన ఇన్నేళ్లుగా కొట్టిన హెడ్జులన్నీ అలాంటివే. డ్యురాంటా, గోరింట, నూరువరహాలు, వీటన్నిటికీ ముదురు కొమ్మలో కూడా నిద్రలో ఉన్న మొగ్గలు ఉంటాయి, తల కొడితే అవి లేస్తాయి. తూజాకి, జునిపర్‌కి, సైప్రస్‌కి ఆ సదుపాయం లేదు. ఆకు రాలిపోయి గోధుమరంగుకి మారిన కొమ్మ మీద మళ్లీ పచ్చదనం రాదు, ఎంత ఎరువేసినా రాదు. ఇంగ్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లు కూడా అప్పుడప్పుడు వీడియో కాల్ చేసి వాళ్ల గార్డెన్‌లో లేలాండీ హెడ్జ్ చూపిస్తుంటారు, అదీ సైప్రస్ జాతి చెట్టే, దానికీ ఇదే రూల్. కోనిఫర్లు అనే ఈ తూజా, సైప్రస్, జునిపర్ల జాతి చెట్లలో యూ అనే చెట్టు లాంటి కొన్నే ముదురు చెక్క నుంచి చిగురేస్తాయి.

అందుకే నేను కటింగ్ గురించి మాట్లాడే ముందు చేతులు పెట్టి చూస్తా. రెండు చేతులతో రెమ్మల్ని పక్కకి తీసి పచ్చదనం బయట నుంచి లోపలికి ఎంత లోతు ఉందో చూడాలి. ఇక్కడ తూజాల్లో ఎండ బాగా తగిలే వైపు జానెడు లోతు పచ్చగా ఉంది, నీడ వైపు నాలుగు వేళ్లు కూడా లేదు, దాని వెనక అంతా ఖాళీ, పుల్లలూ రాలిన ఆకు చెత్తా. అంటే బయట నుంచి అంత పెద్దగా కనిపించే చెట్టులో బతికున్న ఆకు పైన ఒక పలచని పొర మాత్రమే. ఆ పొర దాటి కత్తి పెడితే అక్కడ కన్నం శాశ్వతం. ఒక విషయం, లోపలి ఆకు ఎండి రాలడం దానంతట అది జబ్బు కాదు, ఈ చెట్టు పాత ఆకుని లోపల వదిలేసుకుంటూ బయట కొత్తది వేసుకుంటూ పోతుంది. దాన్ని చూసి భయపడి ఫంగిసైడ్ కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బు దండగ. బయటి కొసలు ఎండుతుంటే అప్పుడు కంగారు పడాలి.

ఎనిమిది అడుగుల ఎత్తులో చేతులు పెట్టి చూపించాక పెద్దాయనకి విషయం అర్థమైంది, 14 చెట్లలో ఏ ఒక్కదానికీ ఆ ఎత్తులో మధ్య కొమ్మల మీద పచ్చ రెమ్మ లేదు. అక్కడ కొడితే 14 మోడులు మిగిలేవి, అంతే.

ఇక షేప్ ఎందుకు పోయింది అన్నది చూడాలి, కారణం అలాగే ఉంచి ఎంత చెక్కినా మళ్లీ అదే స్థితికి వస్తుంది. ఈ గోల్డెన్ రకానికి ఒక్క మాను ఉండదు, మొదట్లోనే ఐదారు కొమ్మలుగా చీలి అన్నీ నిలువుగా లేస్తాయి. చిన్నప్పుడు అవి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి, ఎత్తు పెరిగేకొద్దీ వానకి తడిసిన ఆకు బరువు, దానికి తోడు పైన గుత్తులు గుత్తులుగా కాసే కాయల బరువు కలిసి బయటి కొమ్మల్ని కిందకి లాగేస్తాయి. ఆ కాయలు చిన్న కొమ్ములతో బూడిద నీలం రంగులో ఉంటాయి, మేడమ్ గారు వాటిని అందమని ఉంచేశారు, నిజంగానే బావుంటాయి కానీ పై కొసల్లో మాత్రం తుంచేయడం మంచిది. ఆగస్టు, సెప్టెంబర్ ముసురుల్లో ఒకసారి బయటికి వాలిన కొమ్మ ఎండ వచ్చాక కూడా పూర్తిగా లేవదు, వచ్చే ఏడు ఇంకాస్త వాలుతుంది. రెండో కారణం స్ప్రింక్లర్. లాన్ కోసం పెట్టిన స్ప్రింక్లర్ రోజూ తెల్లారి తూజాల మీదే పడుతోంది, ఆకు ఎప్పుడూ తడి, బరువు. మూడోది, లాన్ వేసినప్పుడు ఎర్రమట్టి తెచ్చి మొదళ్ల చుట్టూ గుట్టలా పోశారు, బెరడు మట్టిలో కూరుకుపోయి నాని మెత్తబడింది. నాలుగోది పోర్టికో వైపు పక్క ప్లాట్‌లో ఉన్న నిద్రగన్నేరు, దాని గొడుగు కింద ఉన్న ఐదు తూజాలకి ఎండే లేదు, అవి వెలుతురు కోసం దారి మీదకి వంగిపోయాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది జీఐ వైరు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప తీగ. విచ్చుకుంటున్నాయని ఎప్పుడో ఎవరో బయట నుంచి వైరు చుట్టి బిగించారు, తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు. గేటు నుంచి ఆరో చెట్టులో బొటనవేలు లావు కొమ్మలు నాలుగింటి బెరడులోకి వైరు పూర్తిగా దిగిపోయి ఉంది, వైరుకి పైన కొమ్మ ఉబ్బింది, కింద సన్నగా ఉండిపోయింది, బంక కారి గట్టిపడి ఉంది. వైరు కనిపించే చోటల్లా కట్ చేసి తీసేశాం, బెరడులో మునిగిన ముక్కని మాత్రం పీకలేదు. దాన్ని లాగితే దాంతో పాటు బెరడు ఊడి వస్తుంది, కొమ్మలో రసం పారడానికి ఉన్న కాస్త దారీ పోతుంది.

ముందుగా తీసేయాల్సిన చెట్లు తేల్చాం. ఇక్కడ చాలామంది "ఒకటి వదిలి ఒకటి తీసేద్దాం, గాలీ వెలుతురూ వస్తుంది" అంటారు, వేరే చెట్లకైతే నేనూ అదే చెప్తా. తూజా వరసలో అలా చేయకూడదు. ఇరవై ఏళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని పెరిగినవి, పక్కదాన్ని తీస్తే ఆనుకుని ఉన్న ముఖం మొత్తం బోడిగా బయటపడుతుంది, అది మళ్లీ నిండదు, ప్రతి చెట్టుకీ రెండు వైపులా పుల్లలే కనిపిస్తాయి. అందుకని తీస్తే ఒకే చివర వరసగా తీయాలి. నిద్రగన్నేరు నీడలో ఉన్న ఐదింటినీ తీసేయమన్నాను, అప్పుడు బోడి ముఖం ఒక్క తొమ్మిదో చెట్టుకే ఉంటుంది, దాన్ని ఇంకో మొక్కతో దాచొచ్చు. మేడమ్ గారికి ఆ మాట నచ్చలేదు, తనే దగ్గరుండి నాటించిన చెట్లు మరి, నేను తొందరపెట్టలేదు, ఎండాకాలం అంతా ఆలోచించుకుని వాళ్లే సరే అన్నారు. చెట్టు తీయాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ సంగతి ముందే చూసుకోవాలి కాబట్టి ఆ అప్లికేషన్ పెట్టించాకే పని మొదలుపెట్టాం. ఖాళీ అయిన చోట పోడోకార్పస్ పెట్టాం. అదీ కోనిఫరే, కానీ నీడ తట్టుకుంటుంది, గట్టిగా కొట్టినా ముదురు కొమ్మ నుంచి చిగురేస్తుంది, ఎనిమిది అడుగుల దగ్గర ఎన్నేళ్లయినా ఆపుకోవచ్చు. పెద్దాయన అడిగిన లెవెల్ హెడ్జ్ ఆ చివర ఆయనకి దొరికింది.

మిగిలిన తొమ్మిదింటికి టార్గెట్ పదకొండు అడుగులు, అదీ ఒకేసారి కాదు. మొదటి సీజన్‌లో పదహారు నుంచి పదమూడు, తర్వాత సీజన్‌లో పదకొండు. ఒక్కసారే మూడో వంతు కంటే ఎక్కువ తీస్తే చెట్టు తట్టుకోదు, పైగా పచ్చ రెమ్మ ఉన్నచోటే ఆగాలి కాబట్టి చాలాసార్లు ఆ మూడో వంతు కూడా తీయలేం. టైమింగ్ మనకి చాలా ముఖ్యం. పెద్ద కటింగ్ జూన్ మధ్య నుంచి, వానలు పడి నేల తడిశాకే, మబ్బు పట్టిన రోజుల్లో. మార్చి నుంచి మే దాకా కత్తెర అసలు ముట్టుకోకూడదు. ఇన్నేళ్లూ నీడలో ఉన్న లోపలి రెమ్మని ఒక్కసారిగా 42 డిగ్రీల ఎండలో పెడితే వారంలో మాడిపోతుంది, అది మాడితే దాని వెనక ఇంకేమీ లేదు.

ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ వాడలేదు. ట్రిమ్మర్‌తో బయట పొర చెక్కితే ఫొటోకి బావుంటుంది కానీ వాలిన కొమ్మ బరువు తగ్గదు, పైగా కొసలన్నీ ఇంకా దట్టమై లోపలికి వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. మూడుకాళ్ల నిచ్చెన, సికేచర్ అనే కొమ్మలు కోసే చేతి కత్తెర, చిన్న మడత రంపం, ఇంతే. ఒక్కో చెట్టుకి పైకి లేచిన ముఖ్యమైన కొమ్మలు ఐదో ఆరో ఉంటాయి, ఒక్కోదాన్ని విడిగా పట్టుకుని, మనకి కావలసిన ఎత్తు కంటే ఇంకో అడుగు కిందకి వెళ్లి, అక్కడ నిలువుగా ఉన్న ఒక పచ్చ పక్కరెమ్మని వెతికి, దానికి సరిగ్గా పైన కోయాలి. అప్పుడు ఆ రెమ్మే కొస అవుతుంది, కోసిన గాటు లోపల దాగిపోతుంది, కింద నుంచి చూస్తే ఎక్కడ కోశారో తెలియదు. అన్ని కొమ్మలూ ఒకే ఎత్తులో కోయకూడదు, మధ్యది కాస్త పైన, పక్కవి కిందగా, ఎప్పుడూ మొదట్లో వెడల్పు పైన సన్నం ఉండేలా చూసుకోవాలి. పైన వెడల్పైతే కింద రెమ్మకి ఎండ పోయి పాదం దగ్గర బోసిపోతుంది. గాట్లకి పేస్టులు ఏమీ పూయలేదు, బంక దానంతట అదే మూసేస్తుంది.

వాలిన బయటి కొమ్మల్లో పక్క కొమ్మ పచ్చదనం కప్పేసేవి ఉంటే వాటిని మొదలంటా తీసేశాం. తీస్తే కన్నం పడే వాటిని లోపలికి తెచ్చి కట్టాం, బయట నుంచి చుట్టి కాదు, ఆకు లోపల, చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, కొమ్మకీ కొమ్మకీ పాత సైకిల్ ట్యూబ్ ముక్కతో ఎనిమిది అంకె ఆకారంలో. ట్యూబ్ సాగుతుంది, బెరడు కోయదు. అయినా ఏడాదికొకసారి విప్పి చోటు మార్చి కట్టాలి, లేకపోతే జీఐ వైరు కథే మళ్లీ.

కన్నాలు పూడ్చడానికి ఉన్న ఒకే మార్గం పక్కనున్న పచ్చ రెమ్మని అరువు తెచ్చుకోవడం. ఆరో చెట్టులో వైరు దెబ్బకి రెండు కొమ్మలు ఎండిపోతే దారి వైపు మూరెడు కన్నం పడింది. ఆ కన్నానికి ఎడమ పక్కన వేలు లావు రెమ్మ ఒకటి వంగే వయసులో ఉంది, దాన్ని వానలో మెత్తగా ఉన్నప్పుడు మెల్లగా అడ్డంగా తెచ్చి, లోపలున్న ఎండు పుల్లకే పురికొసతో రెండు చోట్ల కట్టాం, కొస మాత్రం పైకి తిప్పి ఉంచాం. ఒక్కసారే పూర్తిగా వంచకూడదు, విరుగుతుంది, సగం వంచి కట్టి, నెల తర్వాత ఇంకాస్త. ఎండు పుల్లలన్నీ శుభ్రం చేసేయాలని మాలి తొందరపడ్డాడు కానీ ఇలా కట్టుకోవడానికి కొన్ని ఉండాలి, లోపల పేరుకున్న ఆకు చెత్తని మాత్రం చేతులతో దులిపి తీసేయాలి.

నీళ్ల పని మాలికే అప్పజెప్పాం. మొదళ్ల దగ్గర మట్టి గుట్టలు లాగేసి వేరు మొదలయ్యే చోటు దాకా బయటపెట్టాడు, లాన్‌ని మూడు అడుగులు వెనక్కి జరిపాడు, స్ప్రింక్లర్ తల తిప్పేసి తూజాలకి విడిగా డ్రిప్ లైను, మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు లోతుగా, వానాకాలం పూర్తిగా బంద్.

ఇక గేటు దగ్గర అరకేరియాలు. ఇక్కడ నియమం తూజాకి పూర్తిగా రివర్స్, ఇది కోస్తే చిగురేస్తుంది, సమస్యే అది. కుడి వైపు చెట్టుకి ఎప్పుడో కరెంటు తీగలు తగులుతున్నాయని ఇరవై అడుగుల దగ్గర తల కొట్టేశారు. కొట్టిన చోట నుంచి మూడు కొత్త తలలు లేచాయి, మూడూ నిలువుగా, మూడూ నేనే మెయిన్ అన్నట్టు పోటీపడి పెరిగి చెట్టు ఆకారం మొత్తం పోయింది. తర్వాత రోడ్డు వెడల్పులో ఆ లైను అవతలి వైపుకి మార్చారు, అందుకే మళ్లీ ఒకే తలకి తేవచ్చు అనుకున్నాం, లైను అక్కడే ఉండి ఉంటే ఈ చెట్టు తీసేయమనే చెప్పేవాణ్ణి. అరకేరియాని ఎత్తులో ఆపడం అనేదే లేదు, తల కొట్టి పొట్టిగా ఉంచుకుందాం అనుకునేవాళ్లు వేరే చెట్టు పెట్టుకోవడం మంచిది.

మూడు తలల్లో మధ్య గీతకి దగ్గరగా ఉన్నది ఎంచుకున్నాం. మిగతా రెండింటిలో చిన్నదాన్ని పూర్తిగా తీసేశాం. పెద్దదాని చీలిక దగ్గర బెరడు లోపలికి మడతపడి ఉంది, ఆ జాయింట్‌కి బలం ఉండదు, గాలివానకి చీలేది అదే. అయినా మొదటి ఏడే తీసేయలేదు, సగానికి ఒక కొమ్మల వలయం పైన కోసి ఆపాం. ఎందుకంటే మనం ఉంచుకున్న తల కూడా పాత గాటు పక్క నుంచి లేచిందే, ఇన్నేళ్లూ మిగతా రెండింటి చాటున పెరిగింది, ఒక్కసారిగా గాలికి ఒంటరిగా నిలబెడితే అదీ విరగొచ్చు. సగం కోసిన తల పోటీ మానేస్తుంది, ఉంచుకున్నది లావెక్కుతుంది. పాత గాటు చుట్టూ కొయ్య సుత్తితో తట్టి చూశాం, డొల్ల శబ్దం లేదు, చెదమట్టి కాస్త ఉంటే గీకి తీయించాం. ఎక్కే మనిషిని తాళ్లు, బెల్టుతోనే ఎక్కించాం, అవతలి వైపు లైనైనా ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్న రోజే పని పెట్టుకున్నాం, దీంట్లో మాత్రం ఎవరూ సర్దుబాటు చేసుకోవద్దు.

ఎడమ వైపు అరకేరియా తల బాగానే ఉంది, కానీ చెట్టు మొత్తం ఒరిగి ఉందని, తాళ్లతో లాగి నిలబెట్టమని అడిగారు. మేస్త్రీ వాడే గుండు దారం వేలాడదీసి చూస్తే నిజమే, ఒరుగు ఉంది, ఫోన్‌లో దిక్సూచి పెడితే కచ్చితంగా దక్షిణం వైపు. బెరడు పలచగా కాగితంలా చుట్టుకుని ఊడుతోంది, కొమ్మలు పొట్టిగా స్తంభంలా ఉన్నాయి, అంటే ఇది నార్‌ఫోక్ ఐలాండ్ పైన్ కాదు, కుక్ పైన్. నర్సరీల్లో రెండూ ఒకే పేరుతో వస్తాయి. కుక్ పైన్‌కి భూమధ్యరేఖ వైపు వాలే స్వభావం ఉంది, 2017లో 'ఎకాలజీ' జర్నల్‌లో వచ్చిన పరిశోధనలో ఐదు ఖండాల్లో 256 చెట్లు కొలిస్తే ఉత్తరార్ధగోళంలోవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలోవి ఉత్తరానికి వాలుతున్నాయని తేలింది, సగటు ఒరుగు ఎనిమిది డిగ్రీల పైనే, భూమధ్యరేఖకి దూరం వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. అయినా స్వభావమే కదా అని వదిలేయకుండా ఉత్తరం వైపు నేల చూశాం, పగుళ్లు లేవు, వేళ్లు లేవలేదు, మాను మొదట్లోనే వంపు తిరిగి ఉంది. అంటే ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న ఒరుగు. నేల పగిలి, మాను నిటారుగా ఉంటూనే మొత్తంగా పక్కకి పోయి ఉంటే అది వేరు కదిలిన చెట్టు, దాన్ని వెంటనే చూసుకోవాలి. దీనికి తాళ్లూ వద్దు, గుంజలూ వద్దు అని చెప్పాం.

పోర్టికో జునిపర్ల సంగతి చిన్నది. కొసలు బూడిదరంగుకి తిరుగుతున్నాయి, తెల్లకాగితం పెట్టి రెమ్మని తడితే చుక్కల్లాంటివి పాకాయి, నల్లి, అంటే మంచంలో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే మైట్. వేసవిలో గంధకం కొడితే ఎండకి ఆకే కాలుతుంది, అందుకని తెల్లవారుజామున పైపుతో నీళ్లు గట్టిగా కొట్టించి, చల్లబడ్డాక నీళ్లలో కరిగే గంధకం లీటరుకి మూడు గ్రాములు స్ప్రే చేశాం, కుదుటపడ్డాయి.

ఇప్పుడు పరిస్థితి. తొమ్మిది తూజాల్లో ఏడు పదకొండు అడుగుల దగ్గర నిలబడ్డాయి, మొన్న సెప్టెంబర్ వానలకి కూడా విచ్చుకోలేదు. ఆరో చెట్టు కన్నం ముప్పావు వంతు నిండింది. నాలుగోది మొదలు ముందే నానిపోయి ఉండటంతో రెండో ఎండాకాలంలో పోయింది, ఆ ఒక్క ఖాళీ అలాగే ఉంది, అక్కడ కొత్త తూజా పెట్టమని అడిగారు కానీ రెండు పెద్ద చెట్ల మధ్య దానికి ఎండ రాదు, వద్దన్నాను. తొమ్మిదోదాని బోడి ముఖం పోడోకార్పస్ భుజం ఎత్తు దాటాక కనిపించకుండా పోతుంది, ఇంకో రెండేళ్లు పట్టొచ్చు. ఏటా జనవరి చివర్లో పచ్చ కొసలు మాత్రం వేలెడు తుంచడం, కాయలు తీయడం, ట్యూబులు మార్చడం మాలి తనే చేస్తున్నాడు, ఇప్పుడు కోసే ముందు చేయి పెట్టి చూడనిదే కత్తెర తీయడు. అరకేరియాలో సగం కోసిన తల వచ్చే జూన్‌లో పూర్తిగా తీయాలి. అప్పటిదాకా మే నెల గాలిదుమారాలు అయ్యాక ప్రతిసారీ ఆ చీలిక దగ్గర కొత్త పగులు గానీ బంక కారడం గానీ ఉందేమో బైనాక్యులర్‌తో చూసి ఫొటో పంపమని చెప్పాను, ఏది కనిపించినా జూన్ దాకా ఆగం, ఆ వారమే ఎక్కుతాం.